బిడ్డకు చెప్పగలిగిన దారిలోనే బిడ్డను తెచ్చుకోండి

ప్రశ్న: మాది గుంతకల్లు. నా వయస్సు 39, మావారి వయస్సు 43. పెళ్ళయి 13 ఏళ్ళయినా పిల్లలు కలగలేదు. మూడుసార్లు ఐవీఎఫ్ చేయించుకున్నా ఫలితం దక్కకపోవడంతో, ఇక వైద్యం చాలనుకొని దత్తత తీసుకోవాలని నిశ్చయించుకున్నాం. ఈ సంగతి తెలిసిన ఒకావిడ, పక్క ఊరి నర్సింగ్ హోమ్‌లో పెళ్ళికాని అమ్మాయి వచ్చే నెల ప్రసవించబోతోందనీ, 3 లక్షలు ఇస్తే ఆ బిడ్డను ఇప్పించి, నేనే కన్నట్టు జనన ధ్రువపత్రం కూడా రాయిస్తాననీ అంటోంది. ఉరవకొండ దగ్గరి పల్లెలో ఉండే మా అత్తగారు మాత్రం బయటి బిడ్డ ఎందుకని, పొలం పరాయిపాలు కాకుండా మా మరిది రెండో కొడుకును తెచ్చుకోమంటున్నారు. వాడికి నాలుగేళ్ళు. ప్రభుత్వం ద్వారా అయితే ఏళ్ళు పడుతుందని విన్నాం. మేము ఏ దారిలో వెళ్ళాలి? బిడ్డకు నిజం చెప్పాలా, దాచాలా? వచ్చిన బిడ్డ పేరు మార్చుకోవచ్చా?

సమాధానం: అమ్మా, నిజం చెప్పాలా, దాచాలా అని మీరు అడిగిన ప్రశ్ననే నేను మొదట తీసుకుంటాను, ఎందుకంటే మిగిలిన ప్రశ్నలకు జవాబు అందులోనే ఉంది. బిడ్డకు నిజం చెప్పాలి. చెప్పి తీరాలి. ఆ మాట ఒప్పుకున్న మరుక్షణం, బిడ్డ మీ ఇంటికి ఏ దారిన వచ్చిందో ఆ దారిని బిడ్డ ముందు దాపరికం లేకుండా చెప్పగలరా అన్నదే మీకు కొలత అవుతుంది. మీ ముందున్న మూడు దారులను ఆ కొలతతోనే చూద్దాం.

మొదటిది, ఆ మధ్యవర్తి చెబుతున్న దారి. దాన్ని ఈ రోజే వదిలేయండి. ఆమె మీకు చూపుతున్నది దత్తత కాదు, బిడ్డ కొనుగోలు. 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం బిడ్డను అమ్మినవారికీ, కొన్నవారికీ 5 ఏళ్ళ వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల జరిమానా ఉంటాయి. అందులో ఆసుపత్రి సిబ్బంది పాత్ర ఉంటే వారికి శిక్ష 3 ఏళ్ళకు తగ్గదు, 7 ఏళ్ళ వరకు పోవచ్చు. "దత్తత పత్రం రాసుకుందాం, అప్పుడు తప్పేముంది" అని ఆమె రేపు మాట మార్చినా నమ్మకండి. 1956 నాటి హిందూ దత్తత, భరణ చట్టం కూడా దత్తత కోసం డబ్బు ఇవ్వడాన్నీ, పుచ్చుకోవడాన్నీ నేరంగానే చెబుతుంది.

శిక్షల భయం కన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. మీరు కన్నట్టుగా రాయించిన జనన ధ్రువపత్రం మీ ఇంట్లో ఉన్నంతకాలం మీరు ఆ బిడ్డకు నిజం చెప్పలేరు, చెబితే నేరం ఒప్పుకున్నట్టే అవుతుంది. నిజం చెప్పకపోయినా అది దాగదు. పదో తరగతి చదివే పిల్ల బడిలో రక్తపు గ్రూపు పరీక్ష చేయించుకొని వచ్చి, తల్లిదండ్రులిద్దరిదీ 'ఓ' గ్రూపు అయితే తనది ఏబీ ఎలా అయిందని అడిగితే మీ దగ్గర జవాబు ఉండదు. మధ్యవర్తికి మీ రహస్యం తెలుసు కాబట్టి, ఆమెకు ఎప్పుడు డబ్బు అవసరమైతే అప్పుడు మీ గడప ఎక్కుతుంది. ఆ ముఠా మరెక్కడో పట్టుబడితే పోలీసులు మీ ఇంటికి వస్తారు, మిమ్మల్ని అమ్మా నాన్నా అని పిలవడానికి అలవాటుపడిన బిడ్డను, దిక్కులేని పిల్లల బాగోగులు తేల్చే బాలల సంక్షేమ సమితి ముందు పెడతారు, మీరు ఆ బిడ్డపై ఏ హక్కూ చూపలేరు. జిల్లా పేజీల్లో ఇలాంటి వార్త చదివిన ప్రతిసారీ నాకు కొన్నవారి మీద కోపం కన్నా, రెండోసారి తల్లిని పోగొట్టుకున్న ఆ పసికందు మీద దుఃఖమే ఎక్కువగా కలుగుతుంది.

ఆ పెళ్ళికాని అమ్మాయి సంగతి కూడా ఆలోచించండి. బిడ్డను సాకలేని తల్లి బాలల సంక్షేమ సమితి ముందుకు వచ్చి చట్టబద్ధంగా అప్పగించవచ్చు. అలా అప్పగించిన తరువాత మనసు మార్చుకోవడానికి చట్టం ఆమెకు 60 రోజుల గడువు ఇస్తుంది, ఆమె వివరాలను గోప్యంగా ఉంచుతుంది. మధ్యవర్తి ముందుగా దోచుకునేది ఆ 60 రోజులనే. ఆ అమ్మాయి నిజంగా ఇష్టపడే ఇస్తోందో, ఇంట్లోవారి బలవంతం మీద ఇస్తోందో, బిడ్డ చనిపోయి పుట్టిందని ఆమెకు చెప్పబోతున్నారో మీకు తెలిసే మార్గం లేదు. మీరు ఆమెకు మేలు చేయదలిస్తే పిల్లల సహాయవాణి అయిన 1098 నంబరుకు ఫోన్ చేసి సంగతి చెప్పండి. అలా చెప్పినందువల్ల ఆ బిడ్డ మీకే వస్తుందని మాత్రం ఆశించకండి, వరుసలో ముందున్నవారికి వెళుతుంది.

రెండోది మీ అత్తగారు చెప్పిన దారి. ఇది చట్టానికి విరుద్ధం కాదు, మన సీమ పల్లెల్లో తరతరాలుగా ఉన్నదే. హిందూ దత్తత చట్టం ప్రకారం పిల్లవాడికి 15 ఏళ్ళు నిండకూడదు, పెళ్ళి కాకూడదు, అంతకుముందు దత్తత వెళ్ళి ఉండకూడదు, మీకు కొడుకు గాని మనవడు గాని ఉండకూడదు. ఇవన్నీ మీకు సరిపోతాయి. మీ మరిది, తోడికోడలు ఇద్దరూ సమ్మతించి, పిల్లవాడిని తమ చేతులతో మీ చేతుల్లో పెట్టాలి. దత్త హోమం జరిపించడం మీ ఇష్టం, జరపకపోయినా దత్తత చెల్లుతుంది. ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు సంతకాలు చేసిన దత్తత పత్రాన్ని సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో రిజిస్టరు చేయిస్తే, దత్తత చట్టప్రకారమే జరిగిందని న్యాయస్థానం తొలుత నమ్ముతుంది. కాగితం ఎందుకు, మనలో మనకు నమ్మకం లేదా అని పెద్దలు అనవచ్చు. నోటిమాటతో పెరిగిన పెంపుడు కొడుకులు పెద్దయ్యాక ఆస్తి కోసం కోర్టుల చుట్టూ తిరగడం మన జిల్లాల్లో ఎవరికీ కొత్త కాదు. ఒకసారి చెల్లుబాటు అయిన దత్తతను మీరు రద్దు చేయలేరు, వాళ్ళూ వెనక్కి తీసుకోలేరు. రేపు మీకు కడుపు పండినా వీడి హక్కు వీడిదే.

చట్టం ఇంత సులువుగా ఉన్నా, నా సందేహం పిల్లవాడి గురించి. నాలుగేళ్ళవాడికి తన తల్లి ఎవరో తెలుసు. నిన్నటిదాకా పెద్దనాయన అని పిలిచిన మనిషిని రేపటి నుంచి నాన్న అనమంటారు. పండగకు పల్లెకు వెళ్ళినప్పుడు కన్నతల్లి అక్కడే ఉంటుంది, అన్న ఆమె ఒళ్ళో కూర్చుంటాడు, వీడు మీ పక్కన కూర్చోవాలి. అన్నను ఉంచుకొని తనను ఎందుకు ఇచ్చారన్న ప్రశ్న వాడు పైకి అడగకపోవచ్చు, లోపల మాత్రం మోస్తాడు. మీ తోడికోడలు అత్తగారి మాటకు ఎదురు చెప్పలేక ఒప్పుకుంటున్నదేమో మీరు ఒంటరిగా కూర్చొని ఆమెను అడగండి. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగితే ఆ ఆలోచన అక్కడే మానుకోండి. నిక్కచ్చిగా చెప్పాలంటే, పొలం కోసం బిడ్డను ఎంచుకోవడం నాకు సమ్మతం కాదు. బయటి బిడ్డను చట్టప్రకారం దత్తత తీసుకున్నా ఆ బిడ్డ మీకు పరాయి కాదు, కన్నబిడ్డకు ఉండే హక్కులన్నీ ఉంటాయి. పొలం పరాయిపాలు కావడమన్న మాటకు అక్కడ చోటే లేదు. ఈ సంగతి మీ అత్తగారికి మీవారు చెప్పాలి, మీరు కాదు.

మూడోది ప్రభుత్వ మార్గం. నా మొగ్గు దీనివైపే. దేశమంతటికీ దత్తత వ్యవహారాలను చూసే కేంద్ర సంస్థను కారా అంటారు. దాని వెబ్‌సైట్‌లో దంపతులిద్దరి పేరిట నమోదు చేసుకోవాలి. మధ్యవర్తులతో పనిలేదు. కంప్యూటరు అలవాటు లేకపోతే అనంతపురంలోని జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అడిగితే సహాయం చేస్తారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి కదిరి, హిందూపురం వైపు పాఠకులు పుట్టపర్తిలోనూ, నంద్యాల, ఆళ్ళగడ్డ వైపువారు నంద్యాలలోనూ విచారించుకోవాలి. పెళ్ళయి రెండేళ్ళు నిండి ఉండటం, ఇద్దరి సమ్మతి ఉండటం, బిడ్డకూ మీకూ మధ్య కనీసం 25 ఏళ్ళ తేడా ఉండటం మౌలికమైన నియమాలు.

మీ విషయంలో వయస్సు లెక్క చాలా ముఖ్యం. రెండేళ్ళలోపు బిడ్డ కావాలంటే దంపతులిద్దరి వయస్సులు కలిపి 85 దాటకూడదు. రెండు నుంచి నాలుగేళ్ళ బిడ్డకైతే 90, నాలుగు నుంచి ఎనిమిదేళ్ళ బిడ్డకైతే 100, ఆపై వయస్సు బిడ్డకైతే 110 వరకు అవకాశం ఉంటుంది. మీ ఇద్దరివీ కలిపితే 82. ఏడాది గడిస్తే ఈ లెక్క రెండు పెరుగుతుంది కాబట్టి, మరో రెండేళ్ళు ఆలోచిస్తూ కూర్చుంటే 86 అవుతుంది, పసిబిడ్డ వరుసలో చేరే అర్హత పోతుంది. అర్హతకు నమోదు నాటి వయస్సునే చూస్తారు. అందువల్ల మనసు కుదిరిన వెంటనే నమోదు చేసుకోవడం మంచిది.

నమోదయ్యాక పాన్, ఆధార్, వివాహ ధ్రువపత్రం, ఆదాయం, ఆరోగ్యం, నివాసాలకు సంబంధించిన పత్రాలు అప్‌లోడ్ చేస్తారు. తరువాత ఒక సామాజిక కార్యకర్త మీ ఇంటికి వచ్చి గృహ అధ్యయన నివేదిక తయారుచేస్తారు. ఆ రోజు కోసం చాలామంది ఇంటికి సున్నం వేయించి, అప్పుచేసి సోఫా కొంటుంటారు. అవసరం లేదమ్మా. వచ్చినవారు చూసేది మీ మధ్య సామరస్యం, మీ ఆరోగ్యం, బిడ్డను పోషించగల నిలకడైన ఆదాయం, ఇంట్లో మిగతా పెద్దల మనసు. మీ అత్తగారు మీ దగ్గరికి వచ్చి పోతుంటారు కాబట్టి ఆమెతోనూ మాట్లాడవచ్చు. ఆమెకు ఇష్టం లేదన్న సంగతిని దాచిపెట్టకండి, ఆ మాటను ఎలా ఎదుర్కొంటున్నారో చెప్పండి. ఐవీఎఫ్ సంగతీ అంతే.

ఆ తరువాత ఎదురుచూపు. మీరు విన్నది నిజమే, ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డ కోసమైతే మూడేళ్ళకు పైగా వేచి ఉన్నవారు చాలామంది ఉన్నారు. ఇది అధికారుల నిర్లక్ష్యం వల్లనే అనుకోవడం సరికాదు. కోరుకునే దంపతులు ఎక్కువ, చట్టరీత్యా దత్తతకు అర్హత పొందిన పిల్లలు చాలా తక్కువ. దొరికిన బిడ్డను వెంటనే ఇచ్చేయరు. "ఈ ఫొటోలోని పాప సంబంధీకులు ఎవరైనా ఉంటే సంప్రదించండి" అని పత్రికల్లో ప్రకటన మీరు చూసే ఉంటారు. అది కన్నవారి కోసం జరిపే వెతుకులాట. రెండేళ్ళలోపు బిడ్డ విషయంలో రెండు నెలలు, ఆపై వయస్సు పిల్లల విషయంలో నాలుగు నెలల గడువులో ఆ విచారణ ముగించి, ఎవరూ లేరని తేలాకే బాలల సంక్షేమ సమితి ఆ బిడ్డను దత్తతకు అర్హురాలిగా ప్రకటిస్తుంది. ఆ ఆలస్యం వల్లనే రేపు ఎవరో వచ్చి మా బిడ్డను మాకివ్వమని మీ గుమ్మంలో నిలబడే పరిస్థితి రాదు. నాలుగైదేళ్ళు దాటిన బిడ్డకైనా, అన్నాచెల్లెళ్ళ జంటకైనా, ప్రత్యేక అవసరాలున్న బిడ్డకైనా మీరు సిద్ధమైతే ఎదురుచూపు తగ్గుతుంది. త్వరగా వస్తుందన్న ఒక్క కారణంతో మాత్రం అలాంటి బిడ్డను కోరుకోకండి.

మీ వంతు వచ్చినప్పుడు బిడ్డ ఫొటో, బిడ్డ నేపథ్య నివేదిక, వైద్య పరీక్షల నివేదిక మీకు పంపుతారు. 48 గంటల్లో మీ నిర్ణయం తెలపాలి. ఆ రెండు రోజుల్లో జాతకాలు చూపించడం కన్నా, ఆ వైద్య నివేదికను ఒక పిల్లల వైద్యునికి చూపించి, బరువు, తల చుట్టుకొలత, టీకాలు, వినికిడి గురించి అడిగి తెలుసుకోవడం మేలు. బిడ్డను చూడటానికి వెళ్ళినప్పుడు మీకు నచ్చిన వైద్యునితో పరీక్ష చేయించుకోవచ్చు కూడా. రంగు గురించీ, కులం గురించీ అడగకండి. ఫీజులు ప్రభుత్వం నిర్ణయించినవే ఉంటాయి. రసీదు లేకుండా ఒక్క రూపాయి ఎవరు అడిగినా అది లంచమే. బిడ్డ మొదట దత్తతకు ముందు సంరక్షణ పేరిట మీ ఇంటికి వస్తుంది, ఆ తరువాత దత్తత ఉత్తర్వు వెలువడుతుంది. ఇదివరకు కోర్టు ఇచ్చే ఆ ఉత్తర్వును 2022 సెప్టెంబరు 1 నుంచి జిల్లా కలెక్టరు ఇస్తున్నారు. ఉత్తర్వు ఆధారంగా మీ పేర్లతో జనన ధ్రువపత్రం వస్తుంది. మధ్యవర్తి ఆశ చూపిన కాగితమూ అదే కదా అని మీకనిపించవచ్చు. పేర్లు అవే కావచ్చు గాని, దీని వెనుక కలెక్టరు ఉత్తర్వు ఉంటుంది, దీన్ని మీరు బిడ్డ చేతికి ఇచ్చి చదువుకోమనగలరు. రెండేళ్ళపాటు ఆరు నెలలకొకసారి అధికారులు వచ్చి బిడ్డ ఎలా ఉందో చూస్తారు. వాళ్ళను తనిఖీకి వచ్చినవారిగా కాక, సందేహాలు అడిగి తెలుసుకోవడానికి వచ్చిన అవకాశంగా చూడండి.

కర్నూలు, కడప నుంచి ముస్లిం దంపతులు కూడా ఇలాంటి ఉత్తరాలు రాస్తుంటారు కనుక ఇక్కడే ఒక మాట. ఈ మూడో మార్గం ఏ మతంవారికైనా ఉంది. 2014లో సుప్రీంకోర్టు ఈ సంగతిని స్పష్టం చేసింది. ఒంటరిగా ఉన్న స్త్రీ ఆడపిల్లనైనా మగపిల్లవాడినైనా తీసుకోవచ్చు, ఒంటరి పురుషుడు మాత్రం ఆడపిల్లను తీసుకోలేడు.

ఇప్పుడు కాగితాల్లో లేని సంగతి. మూడుసార్లు ఆశపడి మూడుసార్లు కూలిపోయిన దుఃఖం మీలో ఇంకా పచ్చిగానే ఉండవచ్చు. పేరంటాల్లో మిమ్మల్ని పక్కన పెట్టిన మాటలు కూడా మీరు మరచిపోయి ఉండరు. ఆ దుఃఖాన్ని మీ ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు ఏడ్చి తీర్చుకోండి, బిడ్డ వచ్చి తీర్చాలని కోరుకోకండి. పెంచుకుంటే కడుపు పండుతుందనే నమ్మకం మన ఊళ్ళలో ఉంది. మీకా ఆశ మనసు మూలలో ఉంటే ఇప్పుడే ఆగండి. మరొక బిడ్డ కోసం మొక్కు చెల్లించినట్టు ఒక బిడ్డను తేవడం న్యాయం కాదు.

బిడ్డ వచ్చిన తొలి నెలలు మీరు ఊహించినట్టు ఉండకపోవచ్చు. సంస్థలో పెరిగిన పిల్లల్లో కొందరు ఏడిస్తే ఎవరూ రారని అలవాటుపడి ఏడవడమే మానేస్తారు. పొరుగువారు "ఎంత బుద్ధిమంతురాలో" అని మెచ్చుకుంటారు గాని, అది బుద్ధి కాదు, నమ్మకం లేకపోవడం. కొందరు తిండి దాచుకుంటారు, రాత్రి ఉలిక్కిపడి లేస్తారు, మాటలు ఆలస్యంగా వస్తాయి, లేదా ఎవరు ఎత్తుకున్నా వెళ్ళిపోతారు. కొన్ని వారాలపాటు అన్నం పెట్టడం, స్నానం చేయించడం, నిద్రపుచ్చడం మీ ఇద్దరే చేయండి. చూడవచ్చే బంధువులందరి చేతుల్లో బిడ్డను పెట్టకండి. మొదటి చూపులోనే మీకు ప్రేమ పొంగకపోతే మీలో లోపం ఉందనుకోకండి, రోజూ చేసే సేవలోంచే అది పుడుతుంది. ఆరు నెలల వయస్సు దాటిన బిడ్డ మీ కళ్ళలోకి చూడకపోతే, పిలిచినా పలకకపోతే పిల్లల వైద్యునికి చూపించండి.

నిజం ఎప్పుడు చెప్పాలన్నదానికి నా జవాబు, బిడ్డకు అర్థం కాకముందే. ఒళ్ళో పెట్టుకొని కథలు చెప్పే వయస్సులోనే, "అమ్మా నాన్నా నీకోసం చాలా రోజులు ఎదురుచూశారు, ఒకరోజు ఫోన్ వచ్చింది, బస్సెక్కి వచ్చి నిన్ను ఎత్తుకున్నాం" అని మొదలుపెట్టండి. వయస్సు పెరిగేకొద్దీ కథ నిండుతుంది. అలా పెరిగిన బిడ్డకు తనకు ఎప్పుడు తెలిసిందో గుర్తే ఉండదు, తెలియకుండా ఉన్న రోజు లేదు కాబట్టి. కడప జిల్లాలో నాకు తెలిసిన ఒక అమ్మాయికి శుభలేఖలు పంచుతుండగా, వరుసకు జేజి అయిన ముసలామె నోరుజారడంతో తెలిసింది. పెంచినవారు ప్రాణంగా చూసుకున్నవారే. అయినా ఆ అమ్మాయి ఆ రోజు నాతో అన్నది ఒక్కటే, "ఊరందరికీ తెలిసి నాకొక్కదానికే తెలియకుండా ఉంచారు" అని. గుంతకల్లులో మీకు పొట్ట రాకుండా బిడ్డ వచ్చిందని వీధంతా చూస్తుంది. ఆ సంగతి బిడ్డ వీధిలో వినకముందే మీ నోటి నుంచి వినాలి.

చెప్పేటప్పుడు కన్నతల్లిని తక్కువ చేయకండి. "నిన్ను పారేసింది" అనకండి, ఆమెకు సాకే పరిస్థితి లేకపోయిందనండి. తెలియనిది తెలియదని చెప్పండి, కల్పించకండి. మేము తీసుకురాకపోతే ఏమయ్యేదానివో అన్న మాట కోపంలో కూడా నోట రానీయకండి, ఆ మాటను బిడ్డ జీవితాంతం మరచిపోదు. పద్దెనిమిదేళ్ళు నిండాక తన మూలాలు తెలుసుకోవాలని కోరుకుంటే, కన్నవారి గోప్యతకు భంగం కలగనంత వరకు చట్టం అందుకు వీలు కల్పిస్తుంది. అప్పుడు మీరు పక్కన ఉండి దరఖాస్తు రాయించండి.

ఇక పేరు. పసిబిడ్డకు మీరు కోరిన పేరు పెట్టుకోవచ్చు, దత్తత ఉత్తర్వులో ఆ పేరే రాయించుకోవచ్చు. నాలుగేళ్ళు దాటిన బిడ్డ వస్తే మాత్రం, ఆ బిడ్డ తనదిగా వెంట తెచ్చుకునే కొద్ది వాటిలో పేరు ఒకటి. దాన్ని ఉంచి, కావాలంటే మీ ఇంటి పేరును దానికి చేర్చండి. పసిబిడ్డ అయినా శిశుగృహలో ఆయాలు పిలిచిన పేరు ఒకటి ఉంటుంది. తీసుకొచ్చే రోజున వారిని అడిగి ఆ పేరు, బిడ్డకు ఇష్టమైన జోలపాట, పాలు తాగే వేళలు ఒక పుస్తకంలో రాసుకోండి. ఆ రోజు బిడ్డ కట్టుకున్న గౌను ఉతికి, ఆ పుస్తకంతోపాటు దాచిపెట్టండి. ఆయాతో కలిసి ఒక ఫొటో దిగండి. కథ చెప్పే రోజున మీకు అవి కావలసి వస్తాయి.